నాలుగు పూసలు కుట్టగానే చేయి ఫోన్ వైపే పోతోంది

ప్రశ్న: మాది వరంగల్ కరీమాబాద్. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. ఇదివరకు కూర్చున్నానంటే బ్యాక్‌నెక్ మొత్తం అయ్యేదాకా లేచేదాన్ని కాదు. ఇప్పుడు నాలుగు పూసలు కుట్టగానే చేయి ఫోన్ వైపు పోతోంది. ఏమీ రాకపోయినా తీసి చూస్తాను. భద్రకాళి గుడికి వెళ్లినా చెరువు కట్ట మీద పది నిమిషాలు నిమ్మళంగా కూర్చోలేకపోతున్నాను, ఏదో టెన్షన్. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి ఫోన్ మానలేను. నా ఏకాగ్రత పోయినట్టేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: పోలేదమ్మా. ముందు ఆ భయం మనసులోంచి తీసేయండి. గీసిన డిజైన్ గీత తప్పకుండా ఆరీ సూదితో పూస పక్కన పూస కుట్టే మనిషికి ఏకాగ్రత లేదంటే నేను ఒప్పుకోను. ఆ ఏకాగ్రతకు ఇప్పుడు ఎదురుచూపు అడ్డొస్తోంది.

ఫోన్ తీసిన ప్రతిసారీ ఖాళీగానే ఉంటే మీరే మానేసేవారు. ఒకసారి కొత్త ఆర్డర్, మూడుసార్లు ఏమీ లేదు, మరోసారి చెల్లెలు పంపిన ఫొటో. ఎప్పుడు వస్తుందో తెలియకుండా వచ్చేదాని కోసమే చేయి మళ్లీ మళ్లీ పోతుంది. సెల్‌ఫోన్లు లేని కాలంలోనే బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త పావురాలకు గింజలు అలా ఇచ్చి ఈ సంగతి చూపించాడు. దీన్ని మీ మనోబలం లోపం అనుకోకండి.

టెన్షన్ సంగతి ఇంకొంచెం లోతుగా చూద్దాం. నెమలి పింఛం కుడుతుండగా 'అక్కా, రేపటికే కావాలి' అని మెసేజ్ వచ్చింది. చదివి ఫోన్ పక్కన పెట్టేశారు. సూది పింఛం మీదే ఉంది, మనసు మాత్రం రేపటి గడువు దగ్గర ఆగిపోయింది. సగంలో వదిలిన పని తాలూకు ఆలోచన తర్వాతి పనిలోకి కూడా వెంట వస్తుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. పొద్దంతా ఇలాంటివి పోగుపడితే సాయంత్రం చెరువు కట్ట మీద అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి.

పైగా ఊరికే కూర్చోవడం ఎవరికీ తేలిక కాదు. 2014లో అమెరికాలో కొందరిని పదిహేను నిమిషాలు ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. నొక్కితే చిన్న కరెంటు షాక్ కొట్టే మీట ఒకటి పక్కన పెట్టారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఉండబట్టలేక దాన్ని నొక్కుకున్నారు! మీరు కట్ట మీద కూర్చోగానే వచ్చే అల్లాడింపు అలాంటిదే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సరిగ్గా అక్కడే లేచిపోతారు. మీరు లేవకండి. పీల్చినదానికంటే వదిలేటప్పుడు ఎక్కువసేపు తీసుకుంటూ ఊపిరి వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. మొదట్లో ఐదు నిమిషాలు కూర్చున్నా చాలు.

ఇక ఆర్డర్లు. ఫోన్‌ను వంటింటి అల్మారాలో పెట్టి రింగ్ మాత్రం ఉంచండి, మెసేజ్‌ల చప్పుడు ఆపేయండి. వాట్సాప్ బిజినెస్‌లో దానంతటదే జవాబు పోయే ఏర్పాటు ఉంది. 'మగ్గం మీద ఉన్నాను, ఒంటిగంటకు, ఆరింటికి చూస్తాను, అర్జెంటయితే కాల్ చేయండి' అని రాసి పెట్టండి. కస్టమర్లు పోతారని భయపడకండి. మంచి పనితనం కోసం వచ్చేవాళ్లు ఒక పూట ఆగుతారు. లేవాలనిపిస్తే చేతిలో ఉన్న బుటా పూర్తిచేసి లేవండి, మధ్యలో వద్దు. డిజైన్ చూసుకోవడానికి ఫోన్ మగ్గం మీదికి తెచ్చుకుంటున్నారేమో, దానికి బదులు కలర్ ప్రింట్ తీయించి గోడకు అంటించుకోండి.

నిద్ర పట్టకపోవడం, గుండె దడ కూడా ఉండి రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం డాక్టర్‌ను కలవండి. బయటికి వెళ్లడం కుదరకపోతే మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చేమీ ఉండదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.