వేప్ పరికరం తన కాయిల్ వేడిని ఎలా తెలుసుకుంటుంది?

వేప్ పరికరం అంటే ఇ-సిగరెట్; అందులో కాయిల్ అనే తీగచుట్ట, సాధారణంగా నికోటిన్ కలిసిన ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేస్తుంది. కాయిల్ పక్కన సెన్సర్ ఏదీ లేనప్పుడు ఆ పరికరం వేడిని ఎలా పసిగడుతుందని అడిగారు. ఉష్ణోగ్రతా నియంత్రణ ఉన్న చాలా పరికరాల్లో ఆ కాయిల్ తీగే ఉష్ణమాపకం. లోహం వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 0.10 ఓమ్ ఉన్న నికెల్ తీగ 220 డిగ్రీలకు చేరేసరికి సుమారు 0.22 ఓమ్ అవుతుంది. చిప్ ఈ మార్పును సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తూ, మనం పెట్టిన హద్దు దగ్గరపడగానే కరెంటు తగ్గిస్తుంది. టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు కూడా ఇందుకు పనికివస్తాయి గాని, నిరోధం దాదాపు మారని కాంతాల్ అనే మిశ్రమలోహం పనికిరాదు.

ఈ నియంత్రణ అసలు ప్రయోజనం, నా దృష్టిలో, ద్రవాన్ని పీల్చి తీగకు అందించే దూది ఎండినప్పుడే కనిపిస్తుంది. ద్రవం ఉన్నంతసేపు అది ఆవిరవుతూ తీగ వేడిని లాగేసుకుంటుంది. అది అయిపోతే తీగ క్షణాల్లో కాగి, దూది మాడి, మిగిలిన గ్లిజరిన్ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి విషపదార్థాలు పుడతాయి. నికోటిన్ వల్ల కలిగే హానిని మాత్రం ఏ చిప్పూ ఆపలేదు. భారతదేశంలో 2019 నుంచి ఈ పరికరాల తయారీ, అమ్మకం నిషిద్ధం కూడా.

కొలతకు ప్రాతిపదిక చల్లని తీగ నిరోధమే. అప్పుడే వాడిన కాయిల్‌ను వేడిగా ఉండగానే బిగిస్తే, చిప్ ఆ నిరోధాన్నే గది ఉష్ణోగ్రత వద్ద ఉండేదిగా భావించి, తెరమీద 220 చూపిస్తూనే తీగను అంతకంటే చాలా ఎక్కువ కాగనిస్తుంది.