"మీ పోరడు" అన్నందుకు గొడవ: సమాధానం

పొరుగాయన కొడుకును మెచ్చుకుంటూ మెసేజ్ పెడితే ఆయన నొచ్చుకున్నారని, ఇప్పుడేం చేయాలని మీరు అడిగారు. చిక్కంతా "పోరడు" దగ్గరే. అపార్ట్‌మెంట్ గ్రూపులో మీరు "మీ పోరడు మంచిగ ఆడిండు" అని మెచ్చుకున్నారు. తెలంగాణలో పోరడంటే పిల్లాడే. గుంటూరు నుంచి కూకట్‌పల్లికి వచ్చిన ఆ తండ్రికి అది చులకనగా వినిపించి ఉంటుంది.

1. మెసేజ్ డిలీట్ చేయకండి. తీసేసిన గుర్తు కనిపిస్తుంది, అనుమానం పెరుగుతుంది. వాట్సాప్‌లో ఎడిట్‌కు 15 నిమిషాలే, అదెప్పుడో దాటింది.

2. ఫోన్ చేయండి. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే: ఎత్తగానే "మా దగ్గర అది తిట్టు కాదు" అని మొదలుపెడతారు. ముందు "మీకెలా అనిపించిందండీ?" అని అడిగి, పూర్తిగా వినండి. అర్థం ఆ తర్వాత చెప్పండి. "బాధపడి ఉంటే సారీ" మాత్రం వద్దు, తప్పు ఆయనదే అన్నట్టుంటుంది. (నేను అలా అనే ఒకసారి బ్లాక్ అయ్యాను.)

3. మాట కలిశాక గ్రూపులో ఒక్క లైన్ పెట్టండి, చాలు.