అరువా, ఎరువా?

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను. 'ఆదేశిక సూత్రాలను ఐర్లాండ్ రాజ్యాంగం నుంచి అరువు తెచ్చుకున్నాం' అని ఒక గైడులో ఉంది. మా తాతయ్య 'అరువు కాదు, ఎరువు అనాలి' అంటారు. ఎరువంటే పొలంలో వేసేది కదా! ఏది ఒప్పు?

సమాధానం: తాతయ్యగారి మాటకు బలం ఉంది. పెళ్లికి వెళ్లేముందు పక్కింటావిడ కాసులపేరు అడిగి తెచ్చుకుని, మర్నాడు అదే కాసులపేరు తిరిగి ఇచ్చేస్తారు చూడండి, అది ఎరువు. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెతలో ఉన్నది అదే. పొలంలో వేసేదానికీ అదే మాట, అర్థం వేరు. అరువు కొట్టు దగ్గరి మాట: సరుకు ముందు, డబ్బు తర్వాత. 'అరువు రేపు' అన్న బోర్డు మీరూ చూసే ఉంటారు. ఈ తేడా ఇప్పుడు వాడుకలో చాలావరకు చెరిగిపోయింది కాబట్టి గైడు రాసింది తప్పనలేం.

నా పేచీ వేరు. అరువైనా ఎరువైనా తీర్చాల్సిందే. ఐర్లాండుకు మనం తీర్చాల్సిన బాకీ ఏముంది? రాజ్యాంగ ముసాయిదాలో బ్రిటిష్ వాళ్ల నాటి 1935 భారత ప్రభుత్వ చట్టం నుంచి చాలా తీసుకున్నారన్న విమర్శకు 1948 నవంబరు 4న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో జవాబిస్తూ, అలా తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదని, రాజ్యాంగ మౌలిక భావాల మీద ఎవరికీ పేటెంటు లేదని అన్నారు. అయినా సభలో సభ్యుడైన కె.హనుమంతయ్య ఊరుకోలేదు. వీణో సితారో వినాలనుకుంటే ఇంగ్లీషు బ్యాండు వినిపిస్తోందని ఎత్తిపొడిచారు.

పైగా తెచ్చింది తెచ్చినట్టు ఉంచలేదు. పాలనలో ప్రభుత్వానికి దారి చూపే ఈ ఆదేశిక సూత్రాల అమలు కోసం కోర్టుకెక్కడం కుదరదన్న నియమం 1937 నాటి ఐర్లాండ్ రాజ్యాంగం 45వ అధికరణంలో ఉంది, మన 37వ అధికరణంలోనూ ఉంది. కానీ గ్రామ పంచాయతీలు (40), కుటీర పరిశ్రమలు (43) మనం చేర్చుకున్నవే. తెచ్చుకున్న కాసులపేరుకు మన కంసాలి చేత నాలుగు కాసులు కలిపించి మెళ్లో వేసుకున్నాక దాన్ని ఎరువు సొమ్మని ఎలా అంటాం?

అందుకే నేనైతే 'తీసుకున్నాం' అని రాస్తాను. 'దిగుమతి చేసుకున్నాం', 'కాపీ కొట్టాం' అంటే అందులో దెప్పిపొడుపు ఉంటుంది, వార్తా శీర్షికలకు అది పనికొస్తుందేమో గానీ జవాబు పత్రానికి కాదు. పాఠ్యపుస్తకాల్లో 'గ్రహించారు' అని ఉంటుంది. కాస్త బిగువుగా ఉన్నా అదీ సరైన మాటే, పరీక్షలో కనిపిస్తే టెన్షన్ పడకండి.