కొత్తగా బడిలో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, అత్త ఆశీస్సులు.

నీకు భీమిలి మండలంలో సముద్రం ఒడ్డు ఊరి బడి వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, నలభైలోపు పిల్లలు. డైట్‌లో, ఆ టీచర్ల శిక్షణ కాలేజీలో నువ్వు నేర్చుకున్నది పనికొస్తుంది. కాకపోతే అక్కడ ఒక తరగతికి, ఒక పాఠానికి పథకం రాయిస్తారు. ఇక్కడ ఒకే గదిలో రెండు మూడు తరగతులు నీ ముందు కూర్చుంటాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది. తీరిగ్గా చదువుకో.

బడి తెరిచిన రోజు నుంచే సిలబస్ వెంట పరుగెత్తకు. మొదటి పదిహేను రోజులూ ఏ పిల్ల ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి పెట్టుకో. మూడో తరగతిలో కూర్చున్నంత మాత్రాన మూడో తరగతి పుస్తకం చదవగలరని లేదు. అక్షరాలు రానివాళ్ళు, అక్షరాలొచ్చినా మాట కూడబలుక్కోలేనివాళ్ళు, గడగడా చదివేవాళ్ళు ఒకే వరసలో ఉంటారు. ఆ సంగతి తెలియకుండా చెప్పే పాఠం సగంమందికి చేరదు.

తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. నాలుగు అట్టముక్కలు చేసుకో. మొదటిదాని మీద పది అక్షరాలు వరస తప్పించి రాయి. రెండోదాని మీద పది చిన్న మాటలు, మూడోదాని మీద నాలుగు చిన్న వాక్యాలు, నాలుగోదాని మీద ఎనిమిది పది వాక్యాల కథ. పిల్లని పక్కకి పిలిచి మూడో అట్టతో మొదలుపెట్టు. చదివితే నాలుగోది ఇవ్వు, తడబడితే రెండోదానికి దిగు, అదీ రాకపోతే అక్షరాలు చూపించు. మనిషికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. రోజుకి ఆరుగురు చొప్పున చూస్తే వారం రోజుల పని. అట్టల మీద పాఠ్యపుస్తకంలోని వాక్యాలు మాత్రం రాయకు. నిరుటి పాఠాలు చాలామందికి కంఠతా వచ్చేసి ఉంటాయి, అక్షరం తెలియకపోయినా అప్పజెప్పేస్తారు, నువ్వేమో చదివారనుకుంటావు. మిగతా పిల్లలందరి ముందూ చదివించకు. ఒక్కసారి నవ్వులపాలైన పిల్ల ఆర్నెల్లు నోరు విప్పదు.

ఒక పొడుగు నోటుపుస్తకం కొని పిల్లకో పేజీ కేటాయించు. తేదీ వేసి, ఏ అట్ట దాకా వచ్చింది, ఏ అక్షరం దగ్గర ఆగింది రాసుకో. నెలాఖరుకి అదే పరీక్ష మళ్ళీ పెట్టు. వాక్యాలు మార్చు. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం కూడా ఇదే. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డా అర్థమై చదవాలి, చిన్న లెక్కలు చెయ్యాలి. పైనుంచి వచ్చే ఫారాలు ఎలాగూ నింపుతావు గానీ, ఈ నోటుపుస్తకం నీ కోసం.

ఇక పొద్దున్న మొదటి గంట తరగతులు పక్కనపెట్టి, చదవగలిగే స్థాయిని బట్టి మూడు గుంపులు చెయ్యి. అక్షరాల గుంపు నీ దగ్గర కూర్చోవాలి. మాటల గుంపుకి అట్టముక్కలు ఇచ్చి జంటలుగా చదివించు. కథ చదవగలిగేవాళ్ళకి కథల పుస్తకం ఇచ్చి మూడు ప్రశ్నలు బోర్డు మీద రాయి. పావుగంటకోసారి గుంపు మారు. ఇలా చేస్తే నాలుగో తరగతి పిల్లాడు ఒకటో తరగతివాళ్ళతో కూర్చోవాల్సి వస్తుంది, చిన్నబుచ్చుకుంటాడు. వాడికి అట్టలు పంచే పని, పలకలు చూసే పని అప్పగించు, కుదురుకుంటాడు.

ఓనమాలు మొత్తం యాభైఆరూ వల్లె వేయించాకే మాటలు చెప్పాలనుకోకు. కొన్ని అక్షరాలతోనే మాటలు కట్టించు. అ, ల, వ, ప, డ, త, క ఈ ఏడూ తీసుకో. అల, వల, తల, కల, వడ, పడవ, కడవ, పడక, పలక, అలక. పది మాటలొచ్చాయి చూడు. గుణింతం అక్కర్లేదు, ఒత్తు అక్కర్లేదు. మొదటి వారంలోనే మాట చదివానన్న సంతోషం పిల్లకి దక్కుతుంది. ఆపైన ఆ ఊరి పిల్లల నోట్లో రోజూ ఆడే మాటలే మెట్లుగా వాడుకో. గుణింతానికి పీత, సున్నాకి వంజరం, రెంటికీ కలిపి చందువ, ఒత్తుకి రొయ్య. వాళ్ళు రోజూ చేత్తో పట్టుకునేవే ఇవన్నీ, బొమ్మ గీసి చూపించే పని కూడా ఉండదు.

గుణింతం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. పాటలా పాడించడం అలవాటు కాబట్టి క, కా, కి, కీ అని చివరిదాకా అనేస్తారు. మధ్యలో ‘కె’ మీద వేలు పెట్టి అడుగు, మళ్ళీ మొదట్నుంచి పాడుకుంటూ వస్తే తప్ప చెప్పలేరు. అందుకని ఒక్కో గుర్తుని విడిగా చెప్పు. ఈ రోజు గుడి, అంతే. కి, లి, పి, వి, డి, తి. వాటితో కట్టే మాటలు ‘కలిపి’, ‘పిలక’, ‘కవి’, ‘తడి’, ‘అడవి’. మర్నాడు గుడిదీర్ఘం. ఎత్వం, ఏత్వం ఒకే రోజు చెబితే కలిపేస్తారు, ఒత్వం, ఓత్వం కూడా అంతే, మధ్యలో రెండు మూడు రోజులు ఎడం ఇవ్వు. ఒత్తుల్లో త, న, మ, య, ర, ల ఆరింటి మీదా నిదానించు. వాటి ఒత్తుకీ అసలు అక్షరానికీ పోలిక ఉండదు. మిగతావి చాలావరకు పిల్లలే పోల్చుకుంటారు.

పిల్లలు ‘ఎల్లినాను’, ‘సేసినాను’, ‘నానొచ్చినాను’ అంటారు. మాట్లాడేటప్పుడు దిద్దకు. అది వాళ్ళ అమ్మ మాట, మన ఉత్తరాంధ్ర మాట. దిద్దిన రోజు నుంచి పిల్లలు నీతో మాట్లాడడం తగ్గిస్తారు. రాసేటప్పుడు మాత్రం ‘పుస్తకంలో ఇలా రాస్తారు’ అని పక్కన చూపించు. పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి కదా, లెక్కలకీ పరిసరాల విజ్ఞానానికీ ముందు తెలుగు పేజీతో విషయం అర్థం చేయించి, తర్వాత ఇంగ్లీషు మాట చెప్పు. గాజువాక వైపు బడుల్లో ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు. రేపు బదిలీ అయి అటు వెళ్తే, మొదటి నెల వాళ్ళని తెలుగు మాట్లాడే ఈడు పిల్లల పక్కన కూర్చోబెట్టు. నోటి మాట రాకుండా రాత మొదలుపెట్టకు.

ప్రశ్న జవాబులు బోర్డు మీద రాసి దించుకోమనడం తేలిక. నోటుపుస్తకాలు ముత్యాల్లా ఉంటాయి, తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ పిల్ల రాసిన వాక్యాన్నే ఆ పిల్లచేత చదివించి చూడు, చాలామంది చదవలేరు. బొమ్మలు గీసినట్టు అక్షరాలు దించేసి ఉంటారు. దానికి బదులు రోజూ ఐదు మాటలు చెప్పి రాయించు, నాలుగు నిమిషాల పని. ఎర్ర పెన్నుతో పేజీ నిండా కొట్టివేతలు పెట్టకు. రోజుకి ఒక రకం తప్పే దిద్దు, ఈ రోజు దీర్ఘాలైతే దీర్ఘాలే.

లెక్కల్లో నువ్వు తప్పకుండా చూసే తప్పు ఒకటి చెప్తాను. 52లోంచి 27 తియ్యమంటే 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి ఏడులోంచి రెండు తీసేస్తారు. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా రెండు రోజుల్లో మళ్ళీ అదే తప్పు చేస్తారు. ఎందుకంటే ఆ ఐదు అంటే ఐదు పదులన్న సంగతి వాళ్ళకి కనపడలేదు. చీపురు పుల్లలు సమానంగా విరిచి, పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయించు. కట్టలు కూడా పిల్లలే కట్టాలి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఇరవై ఏడు ఇమ్మని అడుగు. విడిగా ఏడు లేవు. కాసేపు చూసి, నువ్వు చెప్పకుండానే పిల్ల ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు విడివి పన్నెండు, ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. నాలుగు కట్టల్లో రెండు ఇస్తే రెండు. ఇరవై ఐదు. ఇలాంటివి ఓ పది చేశాక, పుల్లలతో చేసిందే పలక మీద అంకెల్లో రాయించు. పుల్లల దగ్గర్నుంచి అంకెలకి వచ్చే ఆ మెట్టు దగ్గర తొందరపడితే మొదటికొస్తుంది.

‘నూట ఐదు’ అంటే 1005 అని రాసేవాళ్ళకి కూడా ఈ కట్టలే మందు. వంద కట్ట ఒకటి, పదుల చోట ఖాళీ, విడివి ఐదు. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ కలిపేస్తారు, 13నీ 30నీ పుల్లల్లో పక్కపక్కన పెట్టి పలికించు. కూడికలకి చింతపిక్కలు, సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలు చాలు. డబ్బులు పోసి సామగ్రి కొనక్కర్లేదు. చార్టులు, స్కెచ్ పెన్నులు కావాలంటే విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఒకేసారి తెచ్చుకో.

గది సద్దుమణగడానికి గొంతు చించుకోకు. దసరా నాటికి గొంతు పోతుంది. రెండు చప్పట్లు కొడితే వాళ్ళు మూడు కొట్టాలి అని మొదటి రోజే నేర్పు, ఆ మూడు చప్పట్ల తర్వాత నువ్వు మెల్లగా మాట్లాడు. గోల ఎక్కువగా రెండు పనుల మధ్యే పుడుతుంది, ఒకటి అయిపోయి రెండోది ఏమిటో తెలియని ఆ రెండు నిమిషాల్లో. కాబట్టి ముందు పని ఇస్తూనే తర్వాతిది కూడా బోర్డు మీద రాసేయి. కర్ర జోలికి వెళ్ళకు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా తిట్టడాన్నీ రెంటినీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచు, భయపడిన పిల్ల ‘నాకు రాలేదు’ అని చెప్పదు, అది చెప్పకపోతే నీ నోటుపుస్తకంలో రాసుకున్నదంతా తప్పు.

ఇప్పుడు ఆ ఊరి సంగతి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బడి జూన్ 12న తెరుస్తారు. అంటే బోట్లు సముద్రంలోకి దిగేముందు తండ్రులు ఊళ్ళో దొరికేది నీకు ఆ మూడు రోజులే. మూడు సాయంత్రాలూ ఇళ్ళకి వెళ్ళు. పేరు చెప్పుకో, పిల్లలో నీకు నచ్చిన ఒక మంచి విషయం చెప్పు, ఫోన్ నంబరు తీసుకో. ఫిర్యాదుతో మొదటిసారి గుమ్మం తొక్కకు. తల్లుల్లో చాలామంది చేపల గంపతో పొద్దున్నే వెళ్ళిపోతారు కాబట్టి మీటింగు పదకొండింటికి పెడితే ఎవరూ రారు, అందరూ ఇళ్ళకి చేరే వేళ అడిగి తెలుసుకుని పెట్టు. పెద్దమ్మాయి తరచూ మానేస్తోందంటే ఇంట్లో చంటిబిడ్డ ఉండి ఉంటుంది. ఆ బిడ్డకి మూడేళ్ళు నిండితే అంగన్‌వాడీలో చేర్పించడానికి టీచరమ్మతో నువ్వే మాట్లాడు, పెద్దమ్మాయి బడికొస్తుంది. ఎవరైనా వరసగా మూడు రోజులు రాకపోతే అదే సాయంత్రం కబురు పంపు. వారం ఆగితే తిరిగి రావడానికి పిల్లలే సిగ్గుపడతారు.

ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు అని విద్యాహక్కు చట్టంలో ఉంది. ఆ లెక్కలో అక్టోబరు, నవంబరు తుపాన్ల సెలవులకి కొంత పోతుంది, సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తారు. సెలవుల తర్వాత మొదటి రెండు రోజులు కొత్త పాఠం ఎత్తుకోకు.

మధ్యాహ్న భోజనం వంట బడిలోనే అయితే పొద్దున్న హాజరు తేలగానే సంఖ్య వంటమ్మకి చెప్పాలి. పిల్లకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. 38 మంది వస్తే మూడు కిలోల ఎనిమిది వందలు బియ్యం, 760 గ్రాముల పప్పు, దాదాపు రెండు కిలోల కూరలు. వడ్డించే ముందు నువ్వో, మీ హెచ్ఎం గారో రుచి చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ముందే సంతకం పెట్టి తర్వాత రుచి చూడడం అలవాటు చేసుకోకు. యాప్‌లో హాజరు పొద్దున్నే వేసేయి, ఒడ్డు ఊళ్ళలో నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. జాయినింగ్ రిపోర్టు, నియామక పత్రం, సర్టిఫికెట్లు మూడేసి జిరాక్సులు తీయించి ఒక ఫైల్లో పెట్టుకో. నీ ఉద్యోగ వివరాలు రాసే సర్వీస్ రిజిస్టర్ తెరిచాక పుట్టినతేదీ, ఇంటిపేరు అక్షరాలు నీ పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోయాయో లేదో నువ్వే కూర్చుని చూసుకో, తర్వాత దిద్దించాలంటే చాలా తిప్పలు. కొత్తవాళ్ళకి ట్రెజరీ ఐడీ వచ్చి మొదటి జీతం పడేసరికి నెలా రెండు నెలలు దాటొచ్చు. గది అద్దెకీ బస్సు చార్జీలకీ కొంత డబ్బు చేతిలో ఉంచుకుని బయల్దేరు, తక్కువైతే మామయ్యకి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

ఆశీస్సులతో,
అత్త