వెనక పొలానికి దారి మూసేస్తే ఏం చేయాలి?

ప్రశ్న: 1996లో మా నాన్నగారు ఒకరి రెండెకరాల్లో వెనక ఎకరం కొన్నారు. రోడ్డు వైపు ఎకరం అమ్మినాయనే ఉంచుకున్నారు. అప్పటి నుంచి ఆ చేలో గట్టు పక్కన ఎడ్లబండి, తర్వాత ట్రాక్టర్ తోలుకుంటున్నాం. ఇటీవల ముందు ఎకరం కొన్నవాళ్లు కంచె వేసి, ‘సేల్ డీడ్‌లో దారి రాయలేదు’ అంటున్నారు. మాకు వేరే దారి లేదు. హక్కు ఉందా?

జవాబు: ఉంది. కాగితంలో రాయనంత మాత్రాన దారి హక్కు పోదు. ‘ఇరవై ఏళ్లుగా వాడుతున్నాం’ అని దావా వేయమని చాలామంది చెబుతారు. నేనైతే దాన్ని రెండో వాదనగా పెడతాను. మీ అసలు బలం, రెండెకరాలూ ఒకప్పుడు ఒకే మనిషివి కావడం. భూమిని విడగొట్టి అమ్మినప్పుడు, మిగిలిన ముక్కలోంచి తప్ప అమ్మిన ముక్కకు దారి లేకపోతే, 1882 నాటి ఈజ్‌మెంట్ (మరొకరి స్థలాన్ని దారిలాంటి అవసరానికి వాడుకునే హక్కు) చట్టం 13వ సెక్షన్ ప్రకారం అమ్మిన రోజే దారి హక్కు వస్తుంది. ఏళ్ల లెక్కతో పని లేదు. ముందు పొలం చేతులు మారినా హక్కు పోదు.

అయితే చుట్టూ తిరిగి వెళ్లేదైనా సరే, మరో దారి ఉందని అవతలివాళ్లు రుజువు చేస్తే ఈ వాదన నిలవడం కష్టం. ముందే గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీగా పొలం కొలతల పటం) తీయించి, డొంకగానీ పుంతగానీ మీ పొలాన్ని తాకుతోందేమో చూడండి.

ఇక ఇరవై ఏళ్ల వాడుక (సెక్షన్ 15). బహిరంగంగా, గొడవ లేకుండా, మధ్యలో ఆగకుండా, హక్కుగా వాడి ఉండాలి. ఈ ‘హక్కుగా’ దగ్గరే కేసులు పోతుంటాయి. పెద్దమనుషుల ముందు రాసుకునే కాగితంలో ‘మంచితనంతో దారి ఇచ్చారు’ అన్న మాట పడిందా, అది వట్టి అనుమతి అవుతుంది. అలాంటి కాగితం మీద దయచేసి సంతకం పెట్టకండి. అడ్డు పెట్టారని తెలిసీ ఏడాది పాటు ఊరుకున్నా నష్టమే.

కంచె మీరే పీకేయకండి, క్రిమినల్ కేసు మీ మీదికి వస్తుంది. ఫోటోలు తీసి, లాయర్ నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టులో హక్కు ప్రకటన, కంచె తొలగింపు కోరుతూ దావా వేయండి. దాంతోపాటే తాత్కాలిక ఇంజంక్షన్‌కు (కేసు తేలేదాకా దారికి అడ్డు పెట్టొద్దనే ఉత్తర్వు), స్థలం చూసి రిపోర్టు ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌కు పిటిషన్లు పెట్టండి. సాగుకు సరిపడే దారే అడగండి. ప్లాట్లు వేయడానికి రోడ్డు కావాలంటే 13వ సెక్షన్ ఆదుకోదు.

వాళ్లు మరో పక్క నుంచి దారి ఇస్తామంటే, ట్రాక్టర్ తిరిగే వెడల్పు ఉంటే ఒప్పుకోండి. కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగడం కన్నా అదే మేలు. కానీ వెడల్పు, హద్దులు, స్కెచ్‌తో సహా రాయించి రిజిస్టర్ చేయించుకోండి.