చందా పెంచితే అంత ఆగ్రహమెందుకు?

ప్రశ్న: 2011లో నెట్‌ఫ్లిక్స్ చందా పెంచినప్పుడు అమెరికాలో లక్షలాది మంది దాన్ని వదులుకున్నారని, సంస్థ అధిపతి క్షమాపణ కూడా చెప్పారని చదివాను. నెలకు ఆరు డాలర్లకే అంత గొడవ దేనికి? ఆ నిరసన వల్ల చందాదారులకు ఒరిగిందేమైనా ఉందా?

జవాబు: ఆ ఆరు డాలర్లు ఎంత మీద పెరిగాయో చూస్తే మీ సందేహం సగం తీరుతుంది. అంతవరకు పోస్టులో ఒకసారికి ఒక సినిమా డీవీడీ అద్దెకు, దానితోపాటు ఇంటర్నెట్‌లో పరిమితి లేకుండా చూసుకునే సౌకర్యం, రెండూ కలిపి నెలకు 9.99 డాలర్లకే వచ్చేవి. జులై 12న సంస్థ ఈ రెంటినీ విడదీసి, ఒక్కోదానికి 7.99 డాలర్లుగా నిర్ణయించడంతో, రెండూ కావాలనుకునేవారి బిల్లు 15.98 డాలర్లకు, అంటే దాదాపు 60 శాతం ఎక్కువకు చేరింది. పైగా 2007లో స్ట్రీమింగ్‌ను డీవీడీ చందాదారులకు అదనపు రుసుము లేకుండా అలవాటు చేసింది ఆ సంస్థే. సినిమాల హక్కుల కోసం స్టూడియోలకు చెల్లించవలసిన మొత్తం పెరుగుతూ వస్తున్న మాట నిజమే గాని, ఆ సంగతి చందాదారులకు ఓపికగా వివరించినవారు లేరు. పాత చందాదారులకు కొత్త ధర అమలైన సెప్టెంబరు 1నే, నెట్‌ఫ్లిక్స్‌లో చూపేందుకు సినిమాలు ఇస్తున్న స్టార్జ్ ఛానెల్ ఆ ఒప్పందాన్ని పొడిగించబోమని ప్రకటించింది. ఎక్కువ కట్టి తక్కువ చూడాలా అని జనం మండిపడ్డారంటే తప్పు పట్టలేము.

సెప్టెంబరు 18న అప్పటి సంస్థ అధిపతి రీడ్ హేస్టింగ్స్ చెప్పిన క్షమాపణను జాగ్రత్తగా చదవాలి. ఆయన విచారించింది మార్పును తెలియజేసిన తీరుకే. ధర తగ్గిస్తామని ఎక్కడా అనలేదు. అంతటితో ఆగినా బాగుండేది. డీవీడీలను క్విక్‌స్టర్ అనే వేరే పేరుతో నడుపుతామని కూడా ఆయన అదే ప్రకటనలో చెప్పారు. దాంతో రెండు సేవలూ వాడేవారు రెండు వెబ్‌సైట్లలో వేర్వేరుగా సినిమాలు వెతుక్కోవాలి, కార్డు మారితే రెండు చోట్లా సరిచేసుకోవాలి, ఒకచోట ఇచ్చిన రేటింగు రెండోచోట కనిపించదు. క్షమాపణ చెబుతూనే కొత్త తలనొప్పి తెచ్చిపెట్టడం నా దృష్టిలో ధర పెంపు కంటే పెద్ద పొరపాటు. జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో అమెరికాలో చందాదారులు సుమారు 8 లక్షలు తగ్గారు.

మీ రెండో ప్రశ్నకు వస్తే, అక్టోబరు 10న క్విక్‌స్టర్ ఆలోచన రద్దయింది గాని, పెంచిన ధర మాత్రం అలాగే నిలిచింది. మారింది పెంచే పద్ధతి. 2014 మేలో ఒక డాలరు పెంచినప్పుడు ముందుగా కొత్తగా చేరేవారికే వర్తింపజేసి, పాతవారికి రెండేళ్ల గడువు ఇచ్చారు. ఆ గడువు తీరిన 2016లోనూ కొందరు చందా మానేశారు గాని, 2011 నాటి రభస మళ్లీ జరగలేదు.