192 జీబీ బిగించే ముందు

అల్లుడూ,

నీ రైజెన్ 9 9950ఎక్స్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో 192 జీబీ ర్యామ్ వేస్తానని రాశావు. ఏఐ మోడళ్లు ఇంట్లోనే నడుపుకుంటానంటున్నావు కాబట్టి అంతెందుకని అడగను. 4 ఎంబీ స్టిక్కు పెట్టుకుని మురిసిపోయిన కాలం వాణ్ని, నా ఆశ్చర్యం నా దగ్గరే ఉంచుకుంటాను.

నాలుగు 48 జీబీ స్టిక్కులు వేస్తే 192 అవుతుంది, నిజమే. కానీ ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి లాంటి ఒక్కో ఛానల్ మీద రెండేసి స్టిక్కులు పడేసరికి ప్రాసెసర్‌కు బరువెక్కుతుంది. డబ్బా మీద వేగం 6000 అని ఎంత పెద్దగా రాసినా, నీ ప్రాసెసర్‌కు దాని కంపెనీ ఏఎండీ చెప్పే లెక్క రెండు స్టిక్కులకు 5600, నాలుగైతే 3600. అంతకు మించి నడిస్తే నీ అదృష్టం. పైగా మోడల్ ప్రాసెసర్ మీద నడిచేటప్పుడు జవాబు ఎంత త్వరగా వస్తుందన్నది ఎక్కువగా ర్యామ్ వేగం మీదే ఆధారపడుతుంది. అందుకే నా మాట వింటే 64 జీబీవి రెండు వేసి 128 దగ్గర ఆగు. ముందు మదర్‌బోర్డును నడిపే బయోస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకో, ఆ స్టిక్కు మీ బోర్డు కంపెనీ లిస్టులో ఉందో లేదో చూసుకో. ఇంకో సంగతి, విండోస్ హోమ్ 128కి మించి వాడుకోదు. 192 పెడితే ప్రో కూడా కొనాలి.

కాదు, నాలుగే కావాలంటావా? నాలుగూ ఒకే కిట్‌లో వచ్చేవి కొను. ఇప్పుడో జత, జీతం వచ్చాక ఇంకో జత అనుకోకు. నేనలాగే చేశాను. అదే కంపెనీ, అదే మోడల్ నంబర్, అయినా లోపలి చిప్పులు వేరు. రెండ్రోజులు బాగానే నడిచి, తర్వాత ఫైళ్లు పాడవడం మొదలైంది. తప్పు డిస్కుదనుకుని కొత్తది కొన్నాను. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది. చవగ్గా దొరికిందని సర్వర్ ర్యామ్ కూడా తేకు, దాని గాడి మన స్లాట్‌లో కూర్చోదు.

బిగించడం పెద్ద పనేం కాదు. ప్లగ్ తీసెయ్, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోవడానికి క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకో, గాడి సరిచూసుకుని టక్‌మనే దాకా నొక్కు. రెండే అయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్, నాలుగో స్లాట్.

టెన్షన్ అంతా ఆ తర్వాతే. మొదటిసారి ఆన్ చేయగానే స్క్రీన్ నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతుంది. పాడైందనుకోకు. ర్యామ్‌ను తనకు సర్దుకుంటోందన్నమాట. ఇంత ర్యామ్ అంటే నిమిషాల తరబడి పట్టొచ్చు. పవర్ బటన్ జోలికి వెళ్లకుండా టీ పెట్టుకో.

ర్యామ్‌ను డబ్బా మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌పో సెట్టింగు వెంటనే ఆన్ చేయకు. మామూలు వేగంలోనే రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ నడవనీ. తెల్లారి తప్పు చూపే ఎర్ర గీత ఒక్కటి కనబడినా కిట్ మొత్తం వాపసిచ్చెయ్. అందుకే బిల్లు డబ్బాలోనే ఉంచు.

నీ మామయ్య